మూలుగు ధ్రువపత్రం

నేరేడువలసలో కూర్మారావు టీ బడ్డీ దగ్గర ఒక చట్టం ఉంది. అది ఏ అసెంబ్లీలోనూ పాసవలేదు. పట్టాలం నుంచి పింఛనుతో దిగివచ్చిన మొదటి జట్టు దాన్ని చేసింది, తర్వాత దిగినవాళ్ళు కిమ్మనకుండా ఒప్పుకున్నారు. బల్ల మీద కూర్చునేటప్పుడు గానీ లేచేటప్పుడు గానీ ఎవడి నోట్లోంచి "అమ్మా" అనో "అబ్బా" అనో మూలుగు వస్తే ఆ పూట టీలన్నీ వాడివే.

ఇంటికో మిలిటరీ మనిషి ఉన్న ఊరది. కొండలెక్కి, బరువులు మోసి, తడి బూట్లతో నడిచి నడిచి అరిగిపోయిన మోకాళ్ళు. అందుచేత ఆ చట్టం కూర్మారావు పాలిట పాడిగేదె అయింది. సుబేదారు సన్యాసిరావైతే బల్ల ఇంకా నాలుగడుగులుండగానే మూలిగేవాడు. "ఎలాగా తప్పదు గదా, ముందే కట్టీసినట్టుంటాది" అని అతని వాదన.

ఆ చట్టం కింద ఇంతవరకూ ఎవరికీ టీ ఇప్పించని మనిషి ఊరి మొత్తానికి ఒక్కడే, హవల్దారు లెంక దాలినాయుడు. వస్తాడు, వెదురుగడలా నిటారుగా కూర్చుంటాడు, టీ తాగుతాడు, వెదురుగడలాగే లేస్తాడు.

"ఈడికి మోకాళ్ళున్నాయా, ఊడదీసి పట్టాలంలో అప్పజెప్పీసి ఒచ్చీసినాడా?" అని సన్యాసిరావు కూర్మారావుని అడిగేవాడు, దాలినాయుడు వింటూండగానే.

"ఉన్నాయి" అనేవాడు దాలినాయుడు. అంతకంటే పొడుగు మాట అతని నోట రావడం అరుదు.

ఉన్నాయి. కుడి మోకాల్లో, ఎముకకీ నరానికీ మధ్య, మంచుకొండల మీద పేలిన గుండు తాలూకు ఇనపముక్క ఒకటి కాపురం పెట్టింది. కోసి తీద్దామంటే కాలే పోవచ్చన్నారు డాక్టర్లు. పగలంతా అది మర్యాదగానే ఉంటుంది. మనిషి నడుం వాల్చాక లేస్తుంది. అప్పుడు కూడా దాలినాయుడు మూలగడు, ఊపిరి బిగబడతాడు. పక్కన ఊపిరి చప్పుడు ఆగిపోగానే అతని పెళ్ళాం అసిరమ్మకి మెలకువ వచ్చేస్తుంది. లేచి, ఆముదం వెచ్చబెట్టి, ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని పిసుకుతుంది. అతను పిసకమనడు. ఆవిడ నొప్పా అని అడగదు. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో రాత్రులు అలాగే తెల్లవారుతున్నాయి.

ఒకనాడు అసిరమ్మ పొయ్యి ముందు కునికి, గంజి వారుస్తూ చెయ్యి కాల్చుకుంది. దాలినాయుడు ఆ చేతికి తేనె రాసి, బట్ట చుట్టి, మర్నాడు పట్నంలో పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. "నాకు నిద్దర పట్టీ మందియ్యండి. నాను తొంగుంటే మా ఇంటిది తొంగుంటాది" అన్నాడు. అంత పొడుగు మాట అతను ఆ సంవత్సరంలో అనడం అదే మొదలు.

డాక్టరు కాగితం మీద ఏదో రాసి, "నీ నరానికి మాత్రలు చాలవు నాయుడూ. ఇప్పుడు గవర్నమెంటు గంజాయి చుక్కలు ఇస్తోంది. నీలాంటివాళ్ళ కోసమే. కాకపోతే ఇచ్చేది నేను కాదు, మండలి" అన్నాడు.

ఈ మండలి కథ చెప్పాలి. నేరేడువలసకి ఎగువనున్న కొండల్లో పోలీసులు ఏటేటా గంజాయి తోటలు నరికి, కుప్పపోసి తగలబెట్టేవారు. గాలి ఇటు తిరిగిన రోజున ఆ పొగ ఊరి మీదికి దిగేది. ఆ రోజు మేకలు కూడా ఏ పనికీ తొందరపడేవి కావు. అలా ఎన్నో ఏళ్ళు తగలబెట్టాక, అది మందు కూడానని ప్రభుత్వానికి తెలిసింది. తెలిశాక ఊరుకోలేదు. చుక్కలు తయారు చేయించింది. మాత్రలకి లొంగని నొప్పి ఉన్నవాళ్ళకీ, అందులోనూ మాజీ సైనికులకి ముందుగానూ, అవి అందాలని తీర్మానించింది. తీర్మానించగానే, నిజంగా అందేస్తాయేమోనని భయం వేసింది. అందుకని వైద్య గంజాయి ధ్రువీకరణ, నమోదు మండలి అని ఒకటి పెట్టింది. దానికి మూడంతస్తుల మేడ. కింద గదిలో ఒక బీరువా, బీరువాలో సీసాలు. మిగిలిన మేడంతా ఆ బీరువాకి కాపలా.

మండలి సభ్య కార్యదర్శి విద్యాధరరావు గారు డాక్టరు చీటీని వేలి చివర్లతో పట్టుకుని చదివారు.

"నొప్పి ఉన్నట్టు డాక్టరు రాశారు. ఆయన నొప్పిని చూశారా?"

"లేదండి."

"విన్నారా?"

"లేదండి. నాను సెప్పినాను."

"మీరు చెప్పారు, ఆయన రాశారు. దీన్ని మేం చెప్పుడు మాట అంటాం." ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "చూడండి హవల్దారు గారూ. నొప్పి అంతరంగిక విషయం. పౌరుల అంతరంగాన్ని మండలి గౌరవిస్తుంది గానీ గుర్తించజాలదు. మూలుగు అలా కాదు. అది బహిరంగ చర్య. వినదగినది, కొలవదగినది, ఆడిట్‌కి నిలబడగలది. కావున నిబంధనల ప్రకారం మండలి ధ్రువీకరించేది మూలుగుని. మూలుగు గది కుడివైపు."

మూలుగు గదిలో గోడకి గడియారమంత మీటరు ఉంది. దాని కింద ఒక స్టూలు. దాలినాయుడి కంటే ముందు, కారు దిగి వచ్చిన ప్లాట్ల వ్యాపారి ఒకాయన ఆ స్టూలు మీద కూర్చుని ఒక్క మూలుగు మూలిగాడు. కిటికీ చూరు మీద పావురాలన్నీ లేచిపోయాయి. ముల్లు ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్ళింది. "ప్రథమ శ్రేణి" అన్నాడు అటెండరు, భక్తిగా. ఆ వ్యాపారి సీసా జేబులో వేసుకుని, మెట్లు రెండేసి చొప్పున దిగుతూ, ఇక్కడ బిర్యానీ ఎక్కడ బాగుంటుందని గేటు దగ్గర వాకబు చేశాడు.

దాలినాయుడు కూర్చున్నాడు. అలవాటు ప్రకారం నిటారుగా.

"కానివ్వండి" అన్నారు విద్యాధరరావు గారు.

దాలినాయుడు కానివ్వలేదు. మీటరు ముల్లు నిద్రపోతున్న బల్లిలా ఉండిపోయింది. నిబంధనల్లో ఇలాంటి సందర్భానికి ఒక రబ్బరు సుత్తి ఉంది. అటెండరు దాంతో మోకాలి మీద ఒకటి వేశాడు. దాలినాయుడి మెడ నరాలు తాళ్ళలా లేచాయి, చొక్కా తడిసిపోయింది. పెదవి విప్పలేదు.

"చెమటలు పడుతున్నాయి సార్" అన్నాడు అటెండరు జాలిగా.

"చెమటకి మన దగ్గర మీటరు లేదు" అన్నారు విద్యాధరరావు గారు. "మూలుగు, శూన్యం. తరవాతి వారు."

సంగతి విన్న సన్యాసిరావు తొడ చరిచాడు. "ఓరి నీ మొకం మండ. మూలగడం ఒక ఇద్దియా? నానొస్తాను పద. టైనింగిచ్చీవోళ్ళున్నారు."

నిజంగానే ఉన్నారు. మండలి మేడకి ఎదురుగా, ఎస్సై పరీక్షలకి తర్ఫీదు ఇచ్చే బోర్డుల పక్కన, కొత్త బోర్డులు లేచాయి. వాటిలో పేరున్నది అప్పలస్వామి మాస్టారిది. పాతికేళ్ళు పౌరాణిక నాటకాల్లో యుద్ధంలో చచ్చిపోయే వేషాలు వేసిన మనిషి. ఒక్కోసారి జనం వన్స్ మోర్ అంటే రెండోసారి చచ్చేవాడు. నొప్పి లేనివాళ్ళని ప్రథమ శ్రేణికి చేర్చడంలో ఆయనకి సాటి లేదు. ఇబ్బందంతా నొప్పి ఉన్నవాళ్ళతోనే.

"మూలుగు బొడ్డు కాడ పుట్టాల" అని చెప్పాడు మాస్టారు. "గుండె కాడ ఒక మలుపు తిరగాల. సగం ముక్కులోంచి, సగం నోట్లోంచి పోవాల. ఆకర్న ఒక ఎక్కిల్లాటిది ఒదిలీయాల. ఏదీ, అనండి."

దాలినాయుడు గుండె నిండా గాలి పీల్చుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నోరు తెరిచాడు. "హాజర్ సాబ్" అని వచ్చింది.

మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ అదే, ఇంకొంచెం గట్టిగా. బడిలో మిగతా పిల్లకాయలు, అంటే అరవై దాటినవాళ్ళు, లేచి నిలబడ్డారు. మాస్టారు దండం పెట్టేశాడు. "బాబూ, మీరు దయచెయ్యండి. మిమ్మల్ని పంపితే మా సంస్థ పేరు పోద్ది."

దార్లో సన్యాసిరావు అడిగాడు. "నిజం సెప్పు నాయుడూ. నాయాలిది, టీలకి బయపడి అలవాటు సేసుకున్నావా, నిజంగా రాదా?"

దాలినాయుడు కొంతదూరం నడిచాక అన్నాడు. "ఒకపాలి రాబోయింది. నొక్కీసినాను. మరి రాలేదు."

ఎప్పుడో, ఎక్కడో సన్యాసిరావుకి తెలుసు. పట్టాలంలో అందరికీ తెలుసు. మంచులో, ఒక బండ వెనక, దాలినాయుడు మోకాలు పగిలి పడి ఉన్నాడు. బండకి అవతల శత్రువుల గస్తీ జట్టు కూర్చుని రొట్టెలు తింటోంది. ఇవతల ఇతని జట్టంతా నేలని కరుచుకుని ఉంది. ఒక్క చప్పుడైతే ఒక్కడూ మిగలడు. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు గుంకేదాకా అతను చేతి తొడుగు నోట్లో కుక్కుకుని ఉన్నాడు. అందుకు పతకం ఇచ్చారు.

"ఓరి, మెడల్ ఉంది గదా" అన్నాడు సన్యాసిరావు, దారి మధ్యన ఆగిపోయి. "మనోళ్ళకి ఏరే కౌంటరుంది. ఆ కాయితం అట్టుకెల్లు."

మాజీ సైనికుల కౌంటరు మీద జెండా కట్టి ఉంది, రెండు ప్లాస్టిక్ గులాబీలున్నాయి. సూపరింటెండెంటు మాణిక్యాంబ గారు లేచి నిలబడి నమస్కారం పెట్టారు. మండలిలో లేచి నిలబడే సీటు అదొక్కటే.

"మీకు మీటరుతో పని లేదండీ. దేశసేవకుల్ని స్టూలు మీద కూర్చోబెట్టి మూలగమనడం మర్యాద కాదని ప్రభుత్వం భావించింది. మీరు సర్వీసులో ఉండగా మూలిగినట్టు మీ రెజిమెంటు ఇచ్చిన పత్రం ఏదైనా ఉంటే చాలు. సర్వీసు మూలుగుని మేం సివిల్ మూలుగుగా బదలాయించుకుంటాం."

దాలినాయుడు అట్టపెట్టెలోంచి పతకం తాలూకు ప్రశంసాపత్రం తీసి ఇచ్చాడు. ఆవిడ చదవడం మొదలెట్టింది. మంచు దగ్గరికి వచ్చేసరికి కుర్చీ ముందుకి లాక్కుంది. బండ దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకుంది. టీ తెప్పించింది. చివరి వాక్యం రెండుసార్లు పైకి చదివింది: "దుర్భరమైన గాయంతో రోజంతా పడి ఉండి కూడా ఈ సైనికుడు నోట చిన్న మూలుగు సైతం రానివ్వలేదు."

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది.

"నాయుడు గారూ" అంది చివరికి, "మిమ్మల్ని చూడడం నా అదృష్టం. దరఖాస్తు మాత్రం తిరస్కరించక తప్పదండి."

"ఏటికండి?"

"మీరు మూలగలేదని దేశమే ధ్రువీకరించిందండీ. దాని మీద మా మండలి ఎంత?"

"ఇప్పుడు నొప్పుందండి."

"ఉంటే ఉండనివ్వండి, బయటపెట్టకండి." ఆవిడ గొంతు తగ్గించింది. "మీ మేలు కోరి చెబుతున్నాను. రేపు మీరు గానీ ఎక్కడైనా మూలిగారనుకోండి, నమోదైందనుకోండి. మూలగని మనిషని ఇచ్చిన పతకానికి ఆధారం పోతుంది. దాన్ని వాపసు అడిగే ప్రమాదం ఉంది."

దాలినాయుడు కాగితం మడిచి పెట్టెలో పెట్టుకున్నాడు. నిటారుగా లేచాడు. అది చూసి ఆవిడకి మళ్ళీ కళ్ళు చెమర్చాయి.

"ఆగండి" అంది. నిబంధనల పుస్తకం తిరగేసి ఒకచోట వేలు పెట్టింది. "సంరక్షకుల క్లాజు ఉంది. 'అశక్తుడైన రోగి తరపున నమోదిత సంరక్షకులు సమస్త క్రియలూ నిర్వర్తింపవచ్చును.' సమస్త క్రియల్లో మూలుగు కూడా వస్తుంది. ఇంట్లో ఎవరైనా గట్టిగా మూలిగేవారున్నారా?"

మూలిగేవారు లేరు గానీ, ఏడ్చేవారు ఉన్నారు.

ఆ చుట్టుపక్కల పది ఊళ్ళలో ఎవరు పోయినా అసిరమ్మకి కబురొస్తుంది. శవం దగ్గర కూర్చుని, పోయినవాడి పుట్టుక నుంచి చావుదాకా వరస కట్టి, రాగం తీసి ఏడవడంలో ఆవిడ పేరు మోసింది. పోయినవాడితో గట్టు తగాదాలున్న దాయాదులు కూడా ఆవిడ మూడో చరణానికి గుండెలు బాదుకునేవారు.

విషయం విని అసిరమ్మ అడ్డంగా తలూపింది. "బతికున్నోడికి రాగం తీత్తారేటి? అరిష్టం గాదూ?"

"గవర్నమెంటు అడుగుతంది వదినా" అన్నాడు సన్యాసిరావు.

"గవర్నమెంటు సస్తే ఏడుత్తాను, కబురెట్టమను."

 దాలినాయుడు బట్ట చుట్టిన ఆవిడ చేతి వంక చూసి, గుమ్మం వంక చూశాడు. నోటితో అడగనిది అడిగే ఆ చూపు అసిరమ్మకి తెలుసు. కాసేపు బియ్యంలో రాళ్ళు ఏరి, "మనిసికేడవను" అంది. "కాలికేడుత్తాను. కాలు సచ్చినదాని కిందే లెక్క."

మర్నాడు ఆవిడ మూలుగు గదిలో స్టూలు పక్కకి తోసి, నేల మీద కూర్చుంది. కొంగు తల మీదికి లాక్కుంది. దాలినాయుడి కుడికాలు ముందుకి చాపించి, దాని మీద చెయ్యి వేసింది. మీటరు వంక చూడనేలేదు.

"బురద మడిలో పుట్టి పెరిగినావే, ఓ నా కాలో,
మంచు మడిలో ఎవులు నాటమన్నారే, ఓ నా కాలో!
పల్లకీ మోసినట్టు తుపాకీ మోసినావే, ఓ నా కాలో,
ఇనప గింజ మింగి ఇంటికొచ్చినావే, ఓ నా కాలో!
ఊరు తొంగుంది, ఊరకుక్క తొంగుంది,
నీకు నిద్దరేదే, నాకు నిద్దరేదే, ఓ నా కాలో!"

మొదటి చరణానికే అటెండరు స్టూలు మీద కూలబడ్డాడు. రెండో చరణానికి పై అంతస్తుల వాళ్ళు మెట్ల మీద చేరారు. ఎవరో పెద్దాఫీసరు పోయారనుకుని ఒక గుమస్తా అరపూట సెలవు చీటీ రాయడం మొదలెట్టాడు. మీటరు ముల్లు ఆ చివరికి పోయి, వంగి, అక్కడే ఉండిపోయింది. విద్యాధరరావు గారు కళ్ళజోడు తీసి, ఎటూ కాకుండా చూస్తూ, "మా నాన్నగారు..." అని ఆగిపోయారు.

తర్వాత తేరుకుని, స్వయంగా ముద్ర వేశారు. ప్రథమ శ్రేణి, విశిష్టం. మండలి పుట్టాక అంతటి శ్రేణి ఎవరికీ రాలేదు.

కార్డు చేతికి వచ్చింది. రోగి: లెంక అసిరమ్మ. సంరక్షకుడు: లెంక దాలినాయుడు.

"నొప్పి ఈయనదండి" అంది అసిరమ్మ.

"మూలుగు మీదమ్మా" అన్నారు విద్యాధరరావు గారు. "మూలిగినవారే రోగి. నొప్పి ఎవరిదన్న వివాదంలోకి మండలి దిగదు."

"మార్సండి."

"మార్చాలంటే ముందు రద్దు చెయ్యాలి. ఒకసారి రద్దయిన కుటుంబం మళ్ళీ దరఖాస్తు చేసుకోరాదు. కుటుంబానికి ఒక కార్డు, కార్డుకి ఒక నొప్పి. ఆ నొప్పి మీకు మంజూరైంది. జాగ్రత్తగా చూసుకోండి."

విశిష్ట శ్రేణికి సీసా చేతికివ్వరు, చుక్కలు ఇంటికి వచ్చి వేసేవారు. రోజూ సాయంత్రం నర్సమ్మ సీసా తెచ్చి, కార్డు మీద ఫొటో చూసి, అసిరమ్మ నాలుక మీద చుక్కలు వేసి, మింగేదాకా నిలబడేది. మొదటి రోజు అసిరమ్మ వాటిని నాలుక కింద దాచి, నర్సమ్మ వెళ్ళాక మొగుడికి ఇద్దామనుకుంది. నర్సమ్మ వేలు పెట్టి నాలుక ఎత్తించింది. "అత్తా, నా ఉద్యోగం తియ్యకు. మరొకరి నోట్లో చుక్క పడితే కేసు. మావయ్యని కూడా లోపలేస్తారు."

"రూలంటే రూలే. మింగీ" అన్నాడు దాలినాయుడు.

మింగింది. దీపాలు పెట్టేవేళకి వాలిన మనిషి కోడి కూసినా లేవలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో దాలినాయుడు తన పెళ్ళాం నిద్రపోతూండగా తెల్లవారడం చూడలేదు. నిద్రలో ఆవిడ ముఖం చిన్నపిల్ల ముఖంలా ఉంటుందని అతనికి ఇప్పుడే తెలిసింది. కాలు యథాప్రకారం లేచింది. ఊపిరి బిగబట్టాడు. పక్కన ఎవరూ లేవలేదు. ఆముదం గిన్నె పొయ్యి గట్టు మీద చల్లగానే ఉంది.

"నిద్దరట్టిందా?" అని అడిగేది అసిరమ్మ పొద్దున్నే, కంగారుగా.

"ఆఁ" అనేవాడు దాలినాయుడు. సర్వీసులో గానీ బయట గానీ ఎన్నడూ ఆడని అబద్ధం అతను అప్పుడే నేర్చుకున్నాడు. ఇద్దరి నిద్ర కోసం వెళ్ళాడు, ఒకరిది దొరికింది. ప్రభుత్వంతో పని పడినప్పుడు సగం దక్కడమంటే ఎక్కువేనని అతని లెక్క.

సంరక్షకుడిగా అతను మండలికి ఫోనులో జవాబులు చెప్పాలి.

"రోగికి నిద్ర ఎలా ఉంది?"

"బాగుందండి."

"మూలుగు?"

"లేదండి. గురక."

మండలి దాన్ని తన విజయాల్లో వేసుకుంది. రాష్ట్రంలో ధ్రువీకృత నొప్పి లక్ష్యాన్ని దాటిందని విద్యాధరరావు గారికి శాలువా కప్పారు.

కాలికి ఇదంతా తెలియదు. ఏళ్ళ తరబడి ప్రతి రాత్రీ పిసికించుకున్న కాలు, ఒక్కసారి చెయ్యి ఆగిపోయేసరికి బిగుసుకుపోయింది. నొప్పి మొదట రాత్రి దాటి పొద్దుటికి వచ్చింది. తర్వాత పొద్దుటి నుంచి మధ్యాహ్నానికి పాకింది. దాలినాయుడి నడక అలాగే ఉంది గానీ, టీ బడ్డీకి వచ్చే దారి పొడుగైంది. సన్యాసిరావు అది చూశాడు, ఎగతాళి మానేశాడు. మానేసినందుకే దాలినాయుడికి ఎక్కువ బాధ వేసింది.

అలాంటి ఒక పొద్దున, క్షేత్ర పరిశీలకుడని మండలి నుంచి ఒక కుర్రాఫీసరు మోటారు సైకిలు మీద దిగాడు. విశిష్ట శ్రేణి రోగిని చూసి రమ్మన్నారట. మెడలో చిన్న మీటరు వేలాడుతోంది. ఇంటికి వెళ్ళే ముందు టీ తాగుదామని బడ్డీ దగ్గర ఆగి, దాలినాయుడి పక్కనే కూర్చున్నాడు.

దాలినాయుడు గ్లాసు కింద పెట్టాడు. లేవబోయాడు. సగం లేచాక కాలు ఆగిపోయింది. మోకాలు లోపల ఏదో మెలి తిరిగింది. వెదురుగడ ఒంగింది.

అప్పుడు వచ్చింది. బండ వెనక నొక్కేసింది, మూలుగు గదిలో రానిది, మాస్టారు పిలిస్తే పలకనిది. బొడ్డు దగ్గర పుట్టలేదు, గుండె దగ్గర మలుపు తిరగలేదు. ఎక్కడో మంచులో బయల్దేరి, ఇన్నేళ్ళూ నడిచి, ఇప్పటికి ఊరు చేరినట్టుంది. "అమ్మా..." అంది.

కూర్మారావు చేతిలో టీ గిన్నె గాలిలో ఆగింది.  ఇన్నేళ్ళుగా ఆ ఒక్క మూలుగు కోసం కాచుక్కూర్చున్న జట్టు, తీరా అది వచ్చాక ఒక్కడూ నవ్వలేదు.

"నానే మూలిగాను" అన్నాడు సన్యాసిరావు, గభాలున. "టీలు నాయి."

"కాదు" అన్నాడు దాలినాయుడు బల్ల పట్టుకుని. "నాదే. అందరికీ టీలొయ్యి కూర్మా."

కుర్రాఫీసరు అప్పటికే మెడలోని మీటరు చూసుకుంటున్నాడు. "ప్రథమ శ్రేణి" అన్నాడు ఆశ్చర్యంగా. "మీ పేరు?"

చెప్పాడు.

ఆఫీసరు సెల్‌ఫోనులో వెతికి, ముఖం చిట్లించాడు. "మీరు నమోదిత సంరక్షకులు. సంరక్షకులు మూలగకూడదండి."

"బాబూ" అన్నాడు సన్యాసిరావు, "మూలిగితే గదా మందన్నారు. ఇదిగో మూలిగాడు. మీ యంత్రమే ఒప్పుకుంది. ఆడికిచ్చీయండి."

"ఎలా ఇస్తాం? కుటుంబానికి ఒక నొప్పి. అది ఆవిడ పేరున ఉంది. ఈయన మూలుగు అనధికారం." కుర్రవాడు నిజంగానే నొచ్చుకుంటున్నాడు. "పైగా మూలిగే సంరక్షకుడు సంరక్షణకి అనర్హుడు. సంరక్షకుడు లేని రోగికి చుక్కలు ఆపెయ్యాలి. కార్డు ఈ రోజుతో నిలుపుదల. ఇంకో విషయం, మీకు పతకం ఏదో ఉన్నట్టుంది. దాని గురించి కూడా పైకి రాయాల్సి ఉంటుంది."

"రాసుకో బాబూ" అన్నాడు దాలినాయుడు. "మంచు కాడ మూలగలేదు, టీ కాడ మూలిగినాను. రెండూ రాసుకో." కూర్మారావు అందించిన గ్లాసు ఒకటి తీసి అతని చేతిలో పెట్టాడు. "ఇది నా టీ. తాగు."

కుర్రాఫీసరు తాగాడు. లేచేటప్పుడు, మోటారు సైకిలు మీద అంతదూరం వచ్చిన నడుం కదా, "అబ్బా" అన్నాడు. బల్ల మీద అందరూ అతని వంక చూశారు. అతనికి ఆ చట్టం తెలియదు గనక వదిలేశారు.

కబురు దాలినాయుడి కంటే ముందే ఇంటికి చేరింది. అసిరమ్మ గుమ్మంలో నిలబడి, సన్యాసిరావు భుజాన చెయ్యి వేసుకుని వస్తున్న మొగుణ్ణి చూసింది. ఆవిడవి నిద్రతో తేటపడిన కళ్ళు. మూలిగాడని విన్నది. నిద్ర పడుతోందని రోజూ చెప్పిన అబద్ధం లెక్క కట్టుకుంది.  కార్డు తీసుకెళ్ళి చూరులో దోపింది, పాత కొడవళ్ళ పక్కన.

నట్టింట్లో చాప వేసింది. పట్టపగలే ఆముదం వెచ్చబెట్టింది. కాలు ఒళ్ళోకి లాక్కుని, మోకాలి కింద బొటనవేలు పెట్టి నొక్కింది. ఇన్నాళ్ళ బిగువు అక్కడ ముడిపడి ఉంది. దాలినాయుడు అలవాటుగా ఊపిరి బిగబట్టాడు.

"ఒదులు" అంది అసిరమ్మ, తలెత్తకుండా. "మూలుగు. ఇంట్లో టీ ఎలాగా నానే పెడతాను."